కింది దవడ ఫ్రాక్చర్ చికిత్స: మీ విభాగంలో క్లినికల్ ఆడిట్ చేయడం ఎలా?

ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ (నోరు, దవడలు, ముఖం ఆపరేషన్లు చేసే) విభాగంలో మొదటి ఆడిట్ చేయబోతున్నారా? కింది దవడ ఫ్రాక్చర్‌తో మొదలుపెట్టండి. రోడ్డు ప్రమాదాల వల్ల ఈ కేసులకు కొదవ ఉండదు, కొద్ది నెలల్లోనే లెక్కకు సరిపడా రోగులు దొరుకుతారు. పైగా ఈ రోగి క్యాజువాలిటీ, ఎక్స్‌రే, వార్డు, ఓటీ, ఓపీ అన్నీ దాటుకుని వెళ్తాడు. ఏ చోట ఏ పని జారిపోతోందో ఒక్క ఆడిట్‌లోనే కనబడుతుంది. ‘మా విభాగంలో రోగుల సంరక్షణ’ లాంటి పెద్ద అంశం మాత్రం తీసుకోవద్దు. అరవై ప్రశ్నల ఫారం తయారవుతుంది, పది ఫైళ్లు దాటాక దాన్ని నింపేవాళ్లే ఉండరు.

ఆడిట్ అడిగే ప్రశ్న ఒక్కటే: చేయాలని మనమే ఒప్పుకున్న పని చేస్తున్నామా? దవడ కోణం దగ్గర విరిగిన ఎముకను బిగించడానికి ఒక మినీ ప్లేటు (చిన్న లోహపు పట్టీ) చాలా, రెండు కావాలా అన్నది పరిశోధన. కోతకు ముందు 60 నిమిషాల్లోపు యాంటీబయాటిక్ పడుతోందా అన్నది ఆడిట్. ఈ తేడా పీజీలకు ముందే చెప్పండి. లేదంటే ఆడిట్ కాస్తా థీసిస్‌లా పెరిగిపోయి, చివరికి రెండూ కాకుండా పోతుంది.

అనుమతులు, మనుషులు

మెడికల్ సూపరింటెండెంట్‌కు, క్వాలిటీ సెల్‌కు ఒక పేజీ లేఖ ఇవ్వండి. ఏం కొలుస్తారు, ఏ తేదీల మధ్య కేసులు, ఫైళ్లు ఎవరు చూస్తారు, వివరాలు ఎక్కడ దాస్తారు, ఈ నాలుగూ అందులో ఉంటే చాలు. ఫలితాలను తర్వాత పత్రికలో ప్రచురించే ఆలోచన ఏమాత్రం ఉన్నా, మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీకి వెళ్లండి. పని అయ్యాక అనుమతి అడిగితే ఇబ్బంది పడతారు.

బృందంలో ఒక సర్జన్, ఒక పీజీ, వార్డు సిస్టర్, మత్తు డాక్టర్, మెడికల్ రికార్డ్స్ నుంచి ఒకరు ఉండాలి. మత్తు డాక్టర్‌ను, వార్డు సిస్టర్‌ను చివర్లో మీటింగ్‌కు పిలిస్తే తప్పులు ఎంచడానికి పిలిచారనుకుంటారు. ప్రమాణాలు రాసే రోజే వాళ్లు కూర్చుంటే, తర్వాత మార్పులు చేసేదీ వాళ్లే అవుతారు.

ప్రమాణాలు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఆరు నుంచి ఎనిమిది ప్రమాణాలు చాలు. ఒక్కోదానికి నాలుగు విషయాలు రాసుకోవాలి: ఏం జరగాలి, ఎంత శాతం మందికి జరగాలి, ఎవరికి మినహాయింపు, రికార్డులో ఏ కాగితం మీద చూడాలి. ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు. అప్పుడు ఒకరు డ్రగ్ చార్ట్ చూస్తారు, ఇంకొకరు ఎనస్థీషియా చార్ట్ చూస్తారు, ఒకే ఫైలుకు రెండు జవాబులు వస్తాయి.

మొదటి ప్రమాణం: వచ్చినప్పుడు శ్వాస మార్గం, గ్లాస్గో కోమా స్కోరు (స్పృహ ఎంత ఉందో చెప్పే అంకె, పూర్తి స్పృహకు 15), మెడ వెన్నుపూస పరీక్ష రాసి ఉండాలి. లక్ష్యం 100 శాతం. దవడ విరిగేంత దెబ్బ తలకూ మెడకూ తగిలి ఉండవచ్చు. ‘కాన్షియస్, కోహెరెంట్’ (స్పృహలో ఉన్నాడు, పొందికగా మాట్లాడుతున్నాడు) అని మాత్రమే రాసి ఉంటే దాన్ని కోమా స్కోరుగా లెక్కించాలా వద్దా అన్నది ఫైళ్లు తెరవకముందే తేల్చుకోండి. లెక్కించవద్దన్నదే మా సలహా.

రెండోది: ఆపరేషన్‌కు ముందు కింది పెదవి, గడ్డం స్పర్శ రెండు వైపులా విడివిడిగా రాసి ఉండాలి. లక్ష్యం 100 శాతం. కింది దవడ లోపల వెళ్లే నరం ఫ్రాక్చర్ వల్లే దెబ్బతిని ఉండవచ్చు, ప్లేటు వేసేటప్పుడూ దెబ్బతినవచ్చు. ముందు రాసి లేకపోతే తర్వాత ఏది ఏదో ఎవరూ చెప్పలేరు, రోగికి నిజం చెప్పే అవకాశమూ పోతుంది. రోగి స్పృహలో లేకపోతే మినహాయింపే, కానీ ‘పరీక్షించడం కుదరలేదు’ అన్న మాట ఫైలులో ఉంటేనే. పరీక్ష ఎలా చేయాలో కూడా ప్రమాణంలోనే పెట్టండి: రోగి కళ్లు మూసుకోవాలి, దూది పోగుతో తాకాలి, రెండు వైపులా పోల్చాలి.

మూడోది: ఒకదానికొకటి అడ్డంగా ఉండే రెండు కోణాల చిత్రాలు. అంటే ఓపీజీతో (దవడ మొత్తాన్నీ పరిచినట్టు చూపే ఎక్స్‌రే) పాటు పీఏ మాండిబుల్ (కింది దవడను ముందు వెనుకలుగా చూపే ఎక్స్‌రే), లేదా సీటీ. ఓపీజీ ఒక్కటే తీస్తే గడ్డం మధ్య భాగంలో వెన్నెముక నీడ పడి ఫ్రాక్చర్ కనబడకపోవచ్చు, కాండైల్ (చెవి ముందు కీలులో ఉండే దవడ పై కొన) లోపలికి ఎంత ఒరిగిందో తెలియదు.

నాలుగోది యాంటీబయాటిక్ సమయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు కోతకు ముందు 120 నిమిషాల్లోపు అంటాయి. సెఫజోలిన్ లాంటి, ఒంట్లో ఎక్కువసేపు నిలవని మందులు వాడే చోట 60 నిమిషాలు పెట్టుకోవడం మంచిది. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ ఆస్పత్రి యాంటీబయాటిక్ పాలసీలో ఉన్నదే ప్రమాణం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. దంతాలున్న భాగంలో విరిగితే అది నోట్లోకి తెరుచుకున్న ఫ్రాక్చరే కాబట్టి, రోగికి వార్డులో చేరిన రోజు నుంచే ఎనిమిది గంటలకోసారి ఇంజెక్షన్ పడుతూ ఉంటుంది. ఉదయం 6 గంటలకు ఇచ్చారు, కోత 11 గంటలకు పెట్టారు. ‘యాంటీబయాటిక్ మీదే ఉన్నాడు’ అని దీన్ని పాస్ చేయకండి. కోత సమయానికి రక్తంలో మందు తగినంత లేదు కాబట్టి ఇది ప్రమాణం అందని కేసే.

అయిదోది: ఆపరేషన్ తర్వాత 24 గంటల్లో యాంటీబయాటిక్ ఆపడం. ఆపకపోతే కారణం రాసి ఉండాలి. ఆపరేషన్ అయ్యాక నివారణ మోతాదులు కొనసాగించవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా అయిదు రోజులు ఇవ్వడం చాలా చోట్ల అలవాటుగా నడుస్తోంది. వచ్చేసరికే చీము పట్టిన ఫ్రాక్చర్ అయితే అది చికిత్స, నివారణ కాదు. దానికి మినహాయింపు ఇవ్వండి.

ఆరోది: సమ్మతి పత్రం రోగికి వచ్చిన భాషలో ఉండాలి. పెదవి తిమ్మిరి, ప్లేటుకు ఇన్ఫెక్షన్ వచ్చి తీయాల్సి రావడం, విరిగిన గీతలో ఉన్న పన్ను పోవడం, పళ్లు సరిగా కలవకపోవడం, రెండో ఆపరేషన్, ఈ అయిదూ అందులో కనబడాలి. అచ్చు ఫారం మీద సంతకం ఉండటంతో సరిపెట్టకండి.

ఏడోది: ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే తీసి, పళ్లు కలిసే తీరు చూసి, రెండూ డిశ్చార్జికి ముందు రాసి ఉండాలి.

ఎనిమిదోదాన్ని ఫైళ్లలో వెతకకండి. దవడలను వైర్లతో కట్టిన రోగి మంచం పక్కన వైరు కట్టర్, సక్షన్ ఉన్నాయా? రబ్బరు బ్యాండ్లయితే కత్తెర ఉందా? వాంతి అయినా, శ్వాస ఆడకపోయినా ఏ వైర్లు కత్తిరించాలో డ్యూటీలో ఉన్న సిస్టర్ చూపించగలరా? ఇది నడిచి వెళ్లి చూడాల్సిన ఆడిట్. పగలు ఒకసారి, రాత్రి డ్యూటీలో ఒకసారి, చెప్పకుండా వెళ్లండి. ‘కట్టర్ మంచం దగ్గర ఉంచాం’ అని నోట్స్‌లో ఉండి, అది స్టోర్ బీరువాలో తాళం వెనుక ఉండటం అరుదేమీ కాదు. ఎనిమిదింటిలో ప్రాణానికి నేరుగా ముడిపడిన ప్రమాణం ఇదే. ఇక్కడ లోటు కనబడితే ఆడిట్ ముగిసేదాకా ఆగకండి, ఆ గంటలోనే సరిచేయించండి. ఆ తర్వాత ఫారంలో మాత్రం మొదట చూసిన స్థితినే రాయండి.

ఎవరి ఫైళ్లు తీయాలి

వరసగా వచ్చిన 40 మంది చాలు. వరసగా అన్నమాట ముఖ్యం. బాగా గుర్తున్న కేసులో, చేతికందిన ఫైళ్లో తీస్తే లెక్క మన వైపే మొగ్గుతుంది.

ఓటీ రిజిస్టర్ ఒక్కటే నమ్ముకుంటే చాలామంది జారిపోతారు. మైనర్ ఓటీలో లోకల్ మత్తు ఇచ్చి ఆర్చ్ బార్లు (పళ్ల వరసకు వైర్లతో కట్టే లోహపు పట్టీలు) కట్టినవాళ్లు పెద్ద ఓటీ రిజిస్టర్లో ఉండరు. తల గాయంతో న్యూరోసర్జరీ కింద చేరి, మీరు వెళ్లి చూసి వచ్చినవాళ్లు మీ అడ్మిషన్ రిజిస్టర్లో ఉండరు. డాక్టర్ వద్దన్నా వెళ్లిపోయినవాళ్లనూ, చనిపోయినవాళ్లనూ ఎవరూ లెక్కలో పెట్టరు. అందుకని మూడు జాబితాలు తెప్పించండి: అడ్మిషన్లు, రెండు ఓటీల రిజిస్టర్లు, రికార్డ్స్ విభాగంలో ఐసీడీ-10 (జబ్బులకు అంతర్జాతీయ కోడ్ల జాబితా) ప్రకారం కింది దవడ ఫ్రాక్చర్ కోడ్ ఎస్02.6 కింద నమోదైనవాళ్లు. మూడింటినీ ఐపీ నంబరుతో (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) కలిపి, రెండుసార్లు వచ్చినవాళ్లను ఒకటిగా చేయండి.

ఇంకో సంగతి. రోడ్డు ప్రమాదాలూ కొట్లాటలూ మెడికో లీగల్ కేసులు, అంటే పోలీసులు, కోర్టుతో ముడిపడినవి. వాటి ఫైళ్లను రికార్డ్స్‌లో చాలా చోట్ల విడిగా, తాళం వేసిన బీరువాలో ఉంచుతారు. మామూలు అరల నుంచి తెప్పిస్తే జారిపడినవాళ్లు, ఆటల్లో దెబ్బతగిలినవాళ్లే మిగులుతారు. మెడికో లీగల్ ఫైళ్లు బయటికి రావు కాబట్టి రికార్డ్స్ గదిలోనే కూర్చుని చూసేలా ముందుగా సమయం అడగండి. దొరకని ఫైలును జాబితా నుంచి కొట్టేయకండి. 40లో 4 దొరకలేదంటే అది కూడా ఒక ఫలితమే, నివేదికలో రాయాలి.

ఫారం, నింపే పద్ధతి

ఒక్క పేజీ దాటకూడదు. ప్రతి గడిలో మూడు అంకెల్లో ఒకటే: 1 అంటే జరిగిందని రాసి ఉంది, 0 అంటే రాసి లేదు, 9 అంటే మినహాయింపు. ఖాళీ గడి ఉండనివ్వకండి. ఖాళీ అంటే చూడలేదా, చూస్తే లేదా అన్నది నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ‘ఇచ్చే ఉంటారు, రాయడం మర్చిపోయారు’ అన్న దయ ఇక్కడ పనికిరాదు, రాసి లేకపోతే 0.

సమయాలన్నీ 24 గంటల పద్ధతిలో రాయండి. యాంటీబయాటిక్ సమయం వార్డు డ్రగ్ చార్ట్ నుంచి, కోత సమయం ఎనస్థీషియా చార్ట్ నుంచి వస్తుంది, అంటే రెండు వేర్వేరు గడియారాలు. ఆడిట్ మొదలుపెట్టే ముందు వార్డు గడియారాన్నీ ఓటీ గడియారాన్నీ పక్కపక్కన పోల్చి చూడండి. పది పదిహేను నిమిషాల తేడా ఉంటే ఆ ప్రమాణం మీద లెక్కంతా తారుమారవుతుంది. డ్రగ్ చార్టుల్లో అన్నీ 6, 2, 10 గంటలని గుండు అంకెలే ఉంటే, అవి ఇచ్చిన సమయాలు కావు, ఇవ్వాల్సిన సమయాలు. అలాంటి ఫైళ్లు ఎన్ని ఉన్నాయో విడిగా రాసుకోండి.

పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్సెల్ షీట్‌లో పెట్టవద్దు. రోగికి ఒక వరస సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యకూ ఐపీ నంబరుకూ ఉన్న జాబితాను కాగితం మీద విభాగాధిపతి దగ్గర తాళంలో ఉంచండి. కేస్ షీట్లను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుకుని ఇంటి దగ్గర నింపుకోవడం పీజీలకు సులువైన దారి. మొదటి రోజే అది కుదరదని చెప్పండి.

అసలు లెక్కకు ముందు 5 ఫైళ్లు ఇద్దరు వేరువేరుగా నింపాలి. జవాబులు ఎక్కడ కలవలేదో అక్కడ ప్రమాణం అస్పష్టంగా ఉందని అర్థం. మాట మార్చి మళ్లీ 5 ఫైళ్లు చూడండి. ఈ పది ఫైళ్లనూ చివరి లెక్కలో కలపకండి.

ఒక గట్టి నియమం: ఆడిట్ మొదలయ్యాక పాత కేస్ షీట్‌లో ఎవరూ ఒక్క అక్షరం చేర్చకూడదు. కోమా స్కోరు లేదని తెలిసి ఆరోజే ‘15/15’ అని రాసి పెట్టడం రికార్డును తారుమారు చేయడమే. మెడికో లీగల్ ఫైలులో అయితే అది కోర్టుదాకా వెళ్లే విషయం.

ఇంటికి వెళ్లినవాళ్ల సంగతి

ఇన్ఫెక్షన్ వచ్చిందా, పళ్లు కలిశాయా అన్నవి ఫైలులో దొరకవు. నొప్పి తగ్గితే దూరపు ఊళ్ల నుంచి రోగి మళ్లీ రాడు. ఆరు వారాలు దాటాక ఫోన్ చేయండి. ఫైలులో ఉన్న నంబరు తెచ్చి చేర్చిన బంధువుదో పక్కింటివాళ్లదో కావచ్చు. ముందు మీరెవరో చెప్పి రోగినే ఇవ్వమనండి, వేరేవాళ్లకు వివరాలు చెప్పకండి. అడిగే మాటలు అందరికీ ఒకేలా ఉండాలి: ‘పళ్లు దెబ్బ తగలకముందులాగే కలుస్తున్నాయా? కింది పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉన్నాయా? చీము గానీ వాపు గానీ వచ్చి మందులు వాడారా? వేరే ఆస్పత్రిలో చూపించుకున్నారా? అన్నం నమలగలుగుతున్నారా?’ ‘ఏం ఇబ్బంది లేదు కదా?’ అని అడిగితే ఎక్కువమంది లేదనే అంటారు, ముఖ్యంగా డాక్టర్ అడిగినప్పుడు.

40 మందిలో 26 మంది దొరికి, అందులో ముగ్గురికి ఇన్ఫెక్షన్ వచ్చిందనుకోండి. ‘40లో 3’ అని రాస్తే దొరకని 14 మందీ బాగున్నట్టు చెప్పినట్టవుతుంది. ‘మాట్లాడిన 26 మందిలో 3, మాట్లాడలేకపోయినవాళ్లు 14’ అని రాయాలి.

లెక్క తీయడం

ప్రతి ప్రమాణానికీ భాగహారంలో కింది సంఖ్య వేరు. 40 మందిలో నలుగురికి మినహాయింపు పోతే 36. వాళ్లలో 27 మందికి పెదవి స్పర్శ రాసి ఉంటే 75 శాతం. ఇంత చిన్న లెక్కలో ఒక్క రోగి తేడా దాదాపు 3 శాతం. 36లో 27 అన్నప్పుడు అసలు స్థాయి సుమారు 59 నుంచి 86 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి రెండు యూనిట్ల మధ్య 5 శాతం తేడా చూపించి ఒకరిని మెచ్చుకుని ఒకరిని తప్పుపట్టకండి.

ఆపరేషన్‌కు పట్టిన సమయాన్ని కూడా కొలవాలనుకుంటే సగటు కాకుండా మధ్యస్థం చెప్పండి. తల గాయంతో ఇరవై రోజులు ఆగిన ఒక్క రోగి సగటును మార్చేస్తాడు. ఆలస్యాన్ని ముక్కలుగా విడగొట్టండి: చేరినప్పటి నుంచి చిత్రాలు తీసేదాకా, అక్కడి నుంచి మత్తు ఫిట్‌నెస్ దాకా, ఆ తర్వాత ఆరోగ్యశ్రీ ప్రీ-ఆథరైజేషన్ (ఆపరేషన్ ఖర్చుకు ముందస్తు అనుమతి) దాకా, చివరగా ఓటీ ఖాళీ దొరికేదాకా. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉంది. ఆలస్యమంతా అనుమతి కోసమే అని అందరూ అనుకునే చోట, అనుమతికి పంపాల్సిన ఫొటోలూ ఎక్స్‌రేలూ అప్‌లోడ్ చేయడమే రెండో రోజున జరిగిందని తేలవచ్చు. అది మన చేతిలో ఉన్న పని.

కారణం వెతికి, మార్పు చేయడం

ఫలితాలు చెప్పే మీటింగ్‌లో సర్జన్ల పేర్లు, పీజీల పేర్లు తెర మీద రాకూడదు. ఒకసారి పేరు పడిందంటే తర్వాతి ఆడిట్‌లో నోట్స్ అందంగా ఉంటాయి గానీ సంరక్షణ మారదు.

లోటు కనబడిన ప్రతిచోటా ‘ఈ పని ఎవరిది, ఏ నిమిషంలో చేయాలి?’ అని అడగండి. యాంటీబయాటిక్ ఆలస్యాలకు కారణం తరచూ ఇదే: ‘ఓటీకి పంపేముందు ఇవ్వండి’ అన్న ఆర్డర్ ప్రకారం సిస్టర్ 7 గంటలకే ఇచ్చేస్తారు, ముందు కేసు సాగిపోయి ఈ రోగి వంతు 11కు వస్తుంది. ఆమె తప్పేమీ లేదు. ఆ మోతాదును వార్డు నుంచి తీసి మత్తు ఇచ్చే సమయానికి మార్చండి, కోతకు ముందు ఆగి సరిచూసుకునే సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టులో గట్టిగా చదివించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆ చెక్‌లిస్టులో యాంటీబయాటిక్ ప్రశ్న ఉండనే ఉంది. టిక్కు పెట్టడం కాదు, ఇచ్చిన సమయం పైకి చెప్పాలి.

పెదవి స్పర్శ రాయకపోవడానికి కారణం వేరు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో హౌస్ సర్జన్ ముందు కుట్లు చూస్తాడు, ఆ పరీక్ష రాయాలని గుర్తుచేసే గడి కాగితం మీద లేదు. ఇక్కడ క్లాసులు పీకి లాభం లేదు. కోమా స్కోరు, మెడ, పెదవి స్పర్శ కుడి ఎడమలు, నోరు తెరుచుకునే కొలత మిల్లీమీటర్లలో, పళ్లు కలిసే తీరు, ఈ గడులతో ఒక రబ్బరు స్టాంపు చేయించి క్యాజువాలిటీలో పెట్టండి.

మూడు మార్పులకు మించి ఒకేసారి చేయకండి. ప్రతి మార్పుకూ హోదా, తేదీ రాయండి. ‘అందరూ జాగ్రత్త వహించాలి’ అన్న వాక్యాన్ని మినిట్స్‌లో కనబడిన చోటల్లా కొట్టేయండి, దాన్ని ఎవరూ చేయరు.

మళ్లీ కొలవడం

మూడు నాలుగు నెలల తర్వాత అదే ఫారం, అవే మినహాయింపులు, వరసగా మరో 40 మంది. ఈ రెండో విడత తేదీని మొదటి మీటింగ్‌లోనే క్యాలెండర్‌లో వేయండి. పీజీలు మారుతుంటారు. మొదటి విడత చేసినవాళ్లు వెళ్లిపోతే ఫారం ఎలా నింపాలో తెలిసినవాళ్లు ఉండరు కాబట్టి నింపే నియమాలు ఒక కాగితం మీద ఉండాలి. మధ్యలో ప్రమాణం మార్చాలనిపిస్తే కొత్తదాన్ని విడిగా కొలవండి, పాతదాన్ని కదిలించవద్దు. ఎన్ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) పరిశీలనకు వచ్చినవాళ్లు అడిగేదీ ఈ రెండో కొలతనే. దాన్ని వాళ్ల కోసం హడావిడిగా చేస్తే అంకెల్లోనే తెలిసిపోతుంది.

రెండు విడతల్లో లక్ష్యం అందుకున్న ప్రమాణాలకు నెలకు పది ఫైళ్లు చూస్తే సరిపోతుంది. మంచం పక్కన కట్టర్ పరీక్ష మాత్రం ఎప్పటికీ ఆపవద్దు. తర్వాతి అంశంగా చెంప ఎముక, కంటి గూడు ఆపరేషన్ల తర్వాత చూపు గమనించడం తీసుకోండి. కంటి వెనుక రక్తం చేరితే గంటన్నర, రెండు గంటలు దాటాక చూపు తిరిగి రావడం కష్టం. అక్కడ కొలవాల్సింది చూపు, కంటిపాప స్పందన, కన్ను ముందుకు ఉబకడం, నొప్పి మొదటి రాత్రంతా ఎంతసేపటికోసారి చూసి రాశారన్నది. ఆ ప్రమాణాలు రాసే రోజు కంటి డాక్టర్‌ను, రాత్రి డ్యూటీ సిస్టర్‌ను తప్పకుండా కూర్చోబెట్టుకోండి.